బాటసారి మొర

యెరూషలేములో దేవాలయం ఉన్న కాలంలో ప్రధాన యాజకుడు ఏడాదిలో ఒక్క రోజే, ప్రాయశ్చిత్త దినాన, అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడు. ఇంకెవరూ అక్కడ అడుగు పెట్టకూడదు. లోపల ధూపం వేసి, బయటి గదిలోకి వచ్చాక ఒక చిన్న ప్రార్థన చేసేవాడు. అది చిన్నదిగానే ఉండాలి. ఆలస్యమైతే లోపల ఆయనకేమైందోనని జనం బెంబేలెత్తుతారు. ఆ కాస్త వ్యవధిలో జాతి మొత్తం తరఫున ఏమడగాలి? యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చెప్పే ప్రకారం ఆయన వాన అడిగేవాడు. పొట్టకూటి కోసం తన జనం ఒకరి ముందొకరు చెయ్యి చాచే గతి రాకూడదని అడిగేవాడు. వాటితో పాటు మరొకటి: దారిన పోయే బాటసారుల ప్రార్థనను నీ దగ్గరికి రానివ్వకు.

ఎందుకంటే బాటసారి అడిగేది వాన ఆగిపోవాలని. ఊరూ నాడూ చినుకు కోసం ఎదురుచూస్తున్న వేళ, బట్టలు తడుస్తున్నాయనో దారి బురదవుతోందనో ఒక్కడు అడుగుతాడు. ఆ మొర చిత్తశుద్ధితో చేసిందే, నిజమైన ఇబ్బందిలోంచి వచ్చిందే. అయినా అది నెగ్గకూడదని ఏడాదికంతటికీ పవిత్రమైన క్షణంలో యాజకుడు వేడుకునేవాడు. ప్రార్థన గురించి నేను చదివిన వాటిలో నన్ను ఇంతగా పట్టుకుని వదలనిది మరొకటి లేదు.

నేనుండేది హైదరాబాదులోని ఎర్రగడ్డలో. జూలై నెలలో ఆఫీసులు వదిలే వేళకు వాన అందుకుందంటే మెట్రో లైను కింద స్తంభం స్తంభానికీ బండ్లు ఆగిపోతాయి. హెల్మెట్ తీయకుండానే ఫోన్ చూసుకునేవాళ్ళు, బ్యాగు పొట్టకు హత్తుకుని నిలబడ్డవాళ్ళు, స్కూలు పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టుకున్న తల్లి, అందరి చూపూ పైకే. ఛాతీ ఆసుపత్రికి వచ్చి ఊరికి తిరిగి పోవాల్సిన పెద్దాయన బస్టాపులో ఒక మూలకు ఒదిగి ఉంటాడు. ఇల్లు చేరేదాకా ఆగితే చాలని అనుకోవడంలో వాళ్ళ తప్పేముంది? అక్కడికి కాస్త దూరంలోనే రైతు బజారు. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. "ఇంకొక్క వాన వడాలె సారూ, పత్తి మొలక ఎండుతాంది" అంటుంది కొత్తిమీర కట్టలమ్మే ఒకామె, చిల్లర తిరిగిస్తూ. ఒకే రోడ్డు మీద, ఒకే సాయంత్రం, ఒకే మబ్బుకు ఎదురెదురు విన్నపాలు రెండు. ఈ రెంటినీ ఏం చేయాలన్నది యూదుల ధర్మపండితులు, అంటే రబ్బీలు, శతాబ్దాల పాటు చర్చించిన విషయం.

తెలుగువాళ్ళకు యెరూషలేము, నీనెవె, యూఫ్రటీసు అన్న పేర్లు బైబిలు ద్వారా తెలుసు. దేవాలయం కూలిన తర్వాత యూదులు ఏం చేశారన్నది మాత్రం మనకు పెద్దగా చేరలేదు. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని నేలమట్టం చేశారు. బలులు ఆగిపోయాయి. ఆ చోట ప్రార్థన నిలిచింది. ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, ఎవరి కోసం అడగాలి అని రబ్బీలు వాదించుకున్నారు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా ఆ వాదాలను మిష్నాగా కూర్చాడు. దాని మీద తర్వాతి తరాలు జరిపిన చర్చే తాల్ముద్. అందులో ఓడిపోయిన వాదాన్ని కూడా చెరిపేయకుండా, చెప్పినవాడి పేరుతో సహా ఉంచారు. నేను ఆ సాహిత్యాన్ని ప్రేమించడానికి మొదటి కారణం అదే.

యాజకుడి ప్రార్థన ఉన్నచోటే, దాని పక్కనే, హనీనా బెన్ దోసా కథ ఉంది. మొదటి శతాబ్దపు గలిలయవాడు, కటిక పేదవాడు, అడిగితే దేవుడు కాదనలేడని పేరు పడ్డవాడు. ఒకసారి దారిలో ఉండగా వాన పట్టుకుంది. లోకమంతా హాయిగా ఉంది, హనీనా ఒక్కడే అవస్థ పడుతున్నాడని లోకనాథుడితో మొరపెట్టుకున్నాడు. వాన ఆగింది. ఇల్లు చేరాడు. ఇప్పుడు లోకమంతా అవస్థలో ఉంది, హనీనా ఒక్కడే హాయిగా ఉన్నాడని మళ్ళీ చెప్పుకున్నాడు. వాన తిరిగి మొదలైంది. ఈ కథ విన్న యోసేఫు అనే రబ్బీ, హనీనా ముందు ప్రధాన యాజకుడి ప్రార్థన ఎందుకు పనికొచ్చినట్టు అన్నాడు. తాల్ముద్ దానికి జవాబు చెప్పదు.

జవాబు లేకపోయినా హనీనా రెండో మాటలో నాకొక దారి కనిపిస్తుంది. మొదటి మొర వాన ఆగాలని కోరే ఏ బాటసారిదైనా కావచ్చు. ఇంటికి చేరాక, ఒళ్ళు ఆరాక, పొలాల సంగతి గుర్తు తెచ్చుకుని మళ్ళీ అడిగాడే, ఆ రెండో మొర చేసేవాళ్ళు అరుదు. మన అవసరం తీరిన మరుక్షణం మన ప్రార్థన కూడా ముగిసిపోతుంది. హనీనాకు ముగియలేదు. యాజకుడి ప్రార్థన అతని విషయంలో ఓడిపోయిందని యోసేఫు అనుకున్నాడు. యాజకుడు కోరుకున్నది హనీనాలో తనంతట తానే జరిగిందని నేననుకుంటాను.

ఇలాగని రబ్బీలు బాటసారిని గాలికొదిలేయలేదు. యూదులు నిలబడి చేసే ముఖ్య ప్రార్థన అమీదా. మొదట పద్దెనిమిది ఆశీర్వచనాలు, ఇప్పుడు పంతొమ్మిది. తొమ్మిదోది ఆ ఏటి పంట కోసం. వానాకాలంలో అందులో వాన అడుగుతారు. ఇశ్రాయేలులో వానలు మనకు చలికాలమయ్యే నెలల్లో పడతాయి. పర్ణశాలల పండుగ ముగియగానే అడగడం మొదలుపెట్టాలి మరి. అయినా మిష్నాలో రబ్బాన్ గమలీయేలు పదిహేను రోజులు ఆగమన్నాడు. పండుగకు యెరూషలేము వచ్చిన యాత్రికుల్లో అందరికంటే దూరం పోవాల్సినవాడు యూఫ్రటీసు నది చేరుకునేదాకా నాడంతా వాన అడగకుండా ఓపిక పట్టాలి. చివరి బాటసారి ఇల్లు చేరాడన్న లెక్క చూసుకున్నాకే దేశం తన అవసరం అడుగుతుంది. ఇశ్రాయేలులో ఈనాటికీ ఆ తేదీనే పాటిస్తారు. దేవాలయం లేదు, ఒంటెల మీద తిరిగి వెళ్ళే యాత్రికులూ లేరు. ఎప్పుడో నడిచిపోయిన మనుషుల కోసం ఇప్పటికీ పదిహేను రోజులు ఆగుతున్నారు.

బాటసారి చెప్పుకోవడానికి విడిగా ఒక ప్రార్థన కూడా ఉంది. ఒంటరిగా దారిన పోతున్నా సరే "నన్ను" అనకుండా "మమ్మల్ని" అనాలని నాలుగో శతాబ్దంలో బాబిలోనియాలో అబ్బాయే అనే రబ్బీ చెప్పాడు. అంటే బాటసారి నోరు నొక్కే పని పెట్టుకోలేదు. తన ఇబ్బంది చెప్పుకుంటూనే పక్కవాళ్ళను కలుపుకోవడం అలవాటు చేశారు.

ఈ ప్రార్థనల మాటలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది వేరే కథ. అది చెప్పినవాడు యోసెఫ్ హైనెమన్. 1915లో మ్యూనిక్‌లో పుట్టి, యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1978లో కన్నుమూశాడు. మిష్నా, తాల్ముద్ కాలాల ప్రార్థన మీద ఆయన రాసిన హీబ్రూ గ్రంథం 1964లో వచ్చింది. 1977లో రిచర్డ్ సారసన్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. ఆయనకు ముందు, 19వ శతాబ్దంలో లియోపోల్డ్ త్సుంట్స్ మొదలుకుని పెద్ద పండితులంతా వేర్వేరు ప్రతులు పక్కపక్కన పెట్టి, చేర్పులు తీసేస్తూ, ఒక్క మూలపాఠానికి చేరుకోవాలని చూశారు. తాళపత్రాలు పరిష్కరించే పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది పరిచయమైన శ్రమే. 1896–97 చలికాలంలో సాలమన్ షెక్టర్ కైరోలోని బెన్ ఎజ్రా సమాజమందిరం నుంచి సుమారు 1,93,000 రాతప్రతి ముక్కలను కేంబ్రిడ్జికి చేర్చాడు. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదన్న నియమం వల్ల శతాబ్దాలుగా ఒక గదిలో పేరుకుపోయిన ముక్కలవి. వాటిలోంచి పాత పాలస్తీనా సంప్రదాయపు అమీదాను 1898లో ఆయన అచ్చు వేశాడు. వాడుకలో ఉన్నదానికీ దానికీ వరసలో పోలికలున్నాయి, మాటల్లో తేడాలున్నాయి.

హైనెమన్ ఆ తేడాలను చూసి, అసలు ఒక్క మూలపాఠమంటూ ఏనాడూ లేదన్నాడు. ఏ అంశం తర్వాత ఏ అంశం రావాలన్నది కుదిరింది. మాటలు మాత్రం ఆ రోజు జనం ముందు నిలబడినవాడివి. ఒకే కాలంలో ఒకే ఆశీర్వచనానికి ఎన్నో రూపాలుండేవి, అన్నీ సరైనవే. ప్రార్థనను మారని మూసలో పోస్తే అది వేడుకోలు కాకుండా పోతుందని మిష్నాలో రబ్బీ ఎలియెజెరు హెచ్చరించాడు. ఆశీర్వచనాలను రాసిపెట్టడమే కూడదన్న రబ్బీలున్నారు. పూర్తి ప్రార్థనల పుస్తకం తొమ్మిదో శతాబ్దంలో గానీ రాలేదు. స్పెయిను యూదులు అడిగితే బాబిలోనియా నుంచి రవ్ అమ్రామ్ గావోను దాన్ని పంపాడు. ఎజ్రా ఫ్లైషర్ అనే పండితుడు 1990లో హైనెమన్‌తో విభేదించాడు. దేవాలయం కూలాక యవ్నె అనే ఊళ్ళో రబ్బాన్ గమలీయేలు మాటలతో సహా అమీదాను స్థిరపరిచాడన్నది ఆయన వాదం. ఆ తగవు ఇంకా తెగలేదు.

హైనెమన్ చూపించినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఇంకొకటి. ప్రతి ప్రార్థనా ఏ చోట పుట్టిందో దాని నడకే చెబుతుందన్నాడు. దేవాలయంలో పుట్టినదాని తీరు ఒకటి, పాఠశాలలో పుట్టినదాని తీరు ఒకటి. కొన్నింటిది న్యాయస్థానంలో వాది తీరు: లోకనాథా అని పిలిచి, జరిగింది చెప్పి, న్యాయం అడగడం. హనీనా మొర సరిగ్గా ఆ తీరుదే. ఇంకా చెప్పాలంటే అతను ఏమీ అడగనే లేదు, జరుగుతున్నది చెప్పి ఊరుకున్నాడు. అమీదాలో ఒక్కడు తన కేసు వాదించుకోవడం ఉండదు. అంతా "మేము". ఈ రెండూ రెండు వేర్వేరు పనులని ఆయన పుస్తకం చదివాకే నాకు తెలిసింది. గుండె బరువు దించుకోవడం ఒక పని. పదిమందితో కలిసి నిలబడి అడగడం ఇంకో పని. మొదటిది ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండోది నేర్చుకోవాల్సిందే, దానికే పుస్తకం.

అయితే "మేము" అన్నప్పుడు ఆ మాటలో ఇమడనివాళ్ళ సంగతి? తాల్ముద్‌లో నీనెవె వాళ్ళు ఇదే అడిగారు. మాకు ఎండాకాలంలో కూడా వాన కావాలి, మేం ఒక ఊరు ఊరంతా ఉన్నాం, మమ్మల్ని ప్రజగా లెక్కేసి తొమ్మిదో ఆశీర్వచనంలోనే అడగనిస్తారా, లేక విడి మనుషులుగా లెక్కేస్తారా? రబ్బీ యెహూదా చెప్పి పంపాడు: విడి మనుషులుగానే. పదహారో ఆశీర్వచనంలో, ప్రార్థన ఆలకించే దేవుణ్ణి తలిచే చోట అడుక్కోండి. ప్రతివాడూ తన సొంత అవసరం చెప్పుకోవడానికి ఉమ్మడి ప్రార్థన లోపలే వదిలిన చోటది. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్రంలో, ఎండాకాలం వాన కావాల్సిన దూరపు సముద్ర దీవులకూ ఇదే తీర్పు వర్తింపజేశాడు. దూరపు సముద్రం ఆయనకు పుస్తకాల్లోని మాట కాదు. తమ్ముడు దావీదు వర్తకానికి బయల్దేరి హిందూ మహాసముద్రంలోనే మునిగి చనిపోయాడు.

అందరూ ఆ తీర్పుతో సరిపెట్టుకోలేదు. జర్మనీ నుంచి స్పెయినుకు వలస వచ్చిన రబ్బీ ఆషెర్ బెన్ యెహియేలు, 1313లో తొలెదోలో వానల్లేక పైర్లు మాడుతుంటే, పస్కా పండుగతో వాన ప్రార్థన ఆపేయడం ఏమిటని నిలదీశాడు. దేశం దేశానికీ రుతువు వేరు, ప్రార్థన ఆ నేలను చూసి ఉండాలని ఆధారాలతో వాదించాడు. ఊరు ఒప్పుకోలేదు. ఊరితో విడిపోవడం ఇష్టం లేక ఆయనా వెనక్కి తగ్గాడు. ఆయన వాదన మాత్రం గ్రంథస్థమై నిలిచింది. ఏడు వందల ఏళ్ళ తర్వాత చదువుతున్నా అది న్యాయమనే అనిపిస్తుంది.

ఈ రబ్బీల విద్య మన నేలకు దూరమైనదేం కాదు. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న 1647లో హైదరాబాదులో సర్మద్ అనే ఆయన ఉండేవాడు. కాషాన్‌లో రబ్బీల వంశంలో పుట్టి, ఆ చదువులన్నీ చదివి, ఇస్లాం పుచ్చుకుని, ఈ దేశం చేరి బైరాగిలా తిరిగినవాడు. 'దబిస్తాన్-ఎ-మజాహిబ్' అనే పారశీక గ్రంథం రాసినాయన ఆయన్ని ఇక్కడే కలుసుకున్నాడు. యూదుల గురించిన అధ్యాయానికి సమాచారం ఆయన దగ్గరే తీసుకున్నాడు. సర్మద్ శిష్యుడు అభయ్‌చంద్ ఆదికాండం మొదటి భాగాన్ని పారశీకంలో పెడితే దాన్నీ ఆ గ్రంథంలో చేర్చాడు. ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో సర్మద్ తల తీశారు. రబ్బీల విద్య ఒకనాడు ఈ నగరంలో కూర్చుని మాట్లాడిందనడానికి ఆ అధ్యాయం సాక్ష్యం.

ఇప్పటి మాటకొస్తే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము వాళ్ళున్నారు. మాదిగ కుటుంబాలు. తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకుంటారు. 1991లో సమాజమందిరం తెరిచారు. వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. తెలుగు ఇంట్లో శనివారం సబ్బాతు ఆచరించే ఆ కుటుంబాల్లో చాలామందికి బతుకుతెరువు వ్యవసాయ కూలి. వాళ్ళ చేతికి వచ్చిన ప్రార్థనల క్యాలెండరు బాబిలోనియా నేలను బట్టి తయారైంది. ఇశ్రాయేలు వెలుపల వాన అడగడం డిసెంబరు 4 రాత్రో 5 రాత్రో మొదలవుతుంది. కృష్ణా డెల్టాలో అప్పటికి వరి కోతలు. వాన అవసరమైంది నాట్లకు, అంతకు కొన్ని నెలల ముందు.

2023లో ఆ తేదీ డిసెంబరు 5. ఆ రోజే మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీదున్న వరి నీళ్ళలో నానిపోయింది, కోయనిది నేలకొరిగింది. సరిగ్గా ఆ చీకటి పడ్డాకే ఇశ్రాయేలు వెలుపలి యూదులు వాన ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళకు బాపట్ల తెలియదు. తెలియకపోవడం పాపమూ కాదు. నీనెవె తీర్పు కూడా ఇక్కడికి సరిపోదు, అది వాన కావాల్సినవాళ్ళకు దారి చూపిందే గానీ వాన ముంచినవాళ్ళకు కాదు.

దానికీ తాల్ముద్‌లో ఒక మాట ఉంది. ఏ కష్టమొచ్చినా సమాజం మొరపెట్టాలి, అతివృష్టికి తప్ప, అన్నది మిష్నా నియమం. వాన వరం, వరాన్ని వద్దనకూడదు. కానీ బాబిలోనియా పల్లపు నేల. రెండు నదుల నడుమ మట్టి ఇళ్ళు. అందుకని అక్కడ అతివృష్టికీ మొరపెట్టవచ్చన్నారు. అంతకంటే గొప్పది దాని పక్కనున్న జ్ఞాపకం. దేవాలయం ఉన్న రోజుల్లో వానలు ఎక్కువైన ఏడు, వంతు ప్రకారం కొలువులో ఉన్న యాజకులు ప్రార్థన చేసేవాళ్ళకు కబురు పెట్టేవారట: చెరలో ఉన్న మీ అన్నదమ్ముల మీద మనసు పెట్టండి, వాళ్ళ ఇళ్ళే వాళ్ళకు సమాధులు కాకూడదు. యెరూషలేము కొండ మీది ఊరు, దాన్ని ఏ వరదా ముంచదు. ఎక్కువ వాన ఆ కొండకు మంచే చేస్తుంది. అయినా పల్లంలో ఉన్నవాళ్ళ కోసం వాన తగ్గించమని అడిగారు.

మన దగ్గరా ఊరి మొర ఉంది. వానల్లేని ఏడు తెలంగాణ పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలు పెట్టి, కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలో బిందెడు నీళ్ళు పోస్తారు. విరాటపర్వం పారాయణం పెట్టించేవాళ్ళున్నారు. ఈద్గాలో వాన నమాజుకు నిలబడేవాళ్ళున్నారు. పొలం లేనివాళ్ళు కూడా వాటిలో పాల్గొంటారు, ఎందుకంటే అది ఊరి అవసరం. నగరానికి వచ్చాక మనం పోగొట్టుకున్నది అదే. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు తాగుతూ, చేవెళ్ళ కూరలు తింటూ, వానను ట్రాఫిక్ వార్తగా చదువుతున్నాం. ఒక నగరం నగరమంతా బాటసారి అయిపోయింది.

దేవుడు వింటాడా లేదా అన్న చర్చ నాది కాదు, దాన్ని నమ్మకం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ వదిలేస్తాను. అడిగేవాడికి ఏమవుతుందన్నదే నా ప్రశ్న. రోజూ మూడుసార్లు నిలబడి, తనకు అక్కర్లేని వానను తనకు తెలియని రైతు కోసం అడిగేవాడు, పదహారో ఆశీర్వచనంలో తన సొంత మాట చెప్పుకున్నా దాని కొలత ఎరిగి చెప్పుకుంటాడు. కొండ మీద ఉన్నవాడు పల్లపు వాడి ఇంటి గోడను తలుచుకుంటాడు. ఎవరు ఎప్పుడు ఏమడగాలన్న తేదీల తగవుల కింద రబ్బీలు కాపాడింది ఈ అలవాటునే. చిరిగిన కాగితం ముక్కల్లోంచి, ఓడిపోయిన వాదాల్లోంచి దాన్ని మళ్ళీ మనకు కనపడేలా చేసినందుకు హైనెమన్ లాంటి పండితులకు రుణపడి ఉన్నాను. ఆ మతం నాది కాకపోయినా అలవాటు నాకు కావాలి. పత్తి మొలకెత్తాలని జూలైలో, వరి కుప్పలు తడవకూడదని డిసెంబరులో, నగరంలో ఉన్న నేను కూడా అడగాలి. పండించేది నేను కాదు కాబట్టి నేను మరీ అడగాలి.